బొట్టు కింద తుప్పు

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు రెండు సెమిస్టర్లలో జవాబు రాసి, రెండుసార్లూ మంచి మార్కులే తెచ్చుకున్నాను. కానీ తుప్పును దగ్గర కూర్చుని చూసింది మాత్రం పోయిన డిసెంబర్‌లోనే, మా బాపు తుపాకీ మీద. అప్పటిదాకా తుప్పంటే నాకు పరీక్షలో వచ్చే బొమ్మ, మా స్కూటీ సైలెన్సర్ రంగు, అంతే.

మా ఇంట్లో తుపాకీ ఉందని తెలిసినప్పటి నుంచి మా మేనేజర్ వీడియో కాల్‌లో నాతో కాస్త మర్యాదగా మాట్లాడుతున్నాడు. నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఆయన భయపడాల్సినంత ఏమీ లేదు. ఆ తుపాకీ మా ఇంటికి వచ్చాక మనిషి మీదా పేలలేదు, పిట్ట మీదా పేలలేదు.

బాపు పేరు బాలరాజు. మా తాత తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. బాపు ఆ చెట్టెక్కకుండా మిలిటరీలో చేరాడు. హవల్దారుగా రిటైరై వచ్చాక డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు తీసుకుని, జగిత్యాలలో బంగారం కుదువ పెట్టుకునే ఒక కంపెనీ బ్రాంచిలో గన్‌మన్‌గా కుదిరాడు. కోరుట్ల పక్కన మా ఊరు. పొద్దున్నే తుపాకీని గుడ్డ కవర్లో పెట్టుకుని బస్సెక్కుతాడు, సాయంత్రం దాన్ని తీసుకుని దిగుతాడు. తుపాకీ ఆయనది, ఉద్యోగం తుపాకీది. అది బాగుంటేనే ఆయన గన్‌మన్. లేదంటే ఇంట్లో ఖాళీగా కూర్చున్న రిటైర్డు మనిషి.

గొడవ దసరాకు ముందు రోజు మొదలైంది. పంచాయతీ ఎన్నికల కోడ్ వచ్చింది. కోడ్ వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి.

"పొద్దుగాల తుపాకి ఠాణల జమ జెయ్యాలె," అన్నాడు బాపు అన్నం ముందు కూర్చుంటూ.

"పొద్దుగాల పండుగ గదయ్యా," అంది అమ్మ. అమ్మ పేరు ఇంద్రమ్మ. "ఆయుధం ఇంట్ల లేకుంటె పూజ దేనికి జెయ్యాలె? చీపురుకా?"

"నీ చేతిల వడ్డంక చీపురు గూడ ఆయుధమేనే."

అమ్మ నవ్వలేదు. చేయి కడుక్కోమని చెప్పి, పూజ ఆ సాయంత్రమే పెట్టేసింది. తాత కల్లు గీసే కత్తి, నా లాప్‌టాప్, కుట్టుమిషను, వాటి నడుమ కొత్త ఎర్రగుడ్డ మీద తుపాకీ. కొబ్బరికాయ కొట్టి నీళ్లు అన్నింటి మీదా చిలకరించింది. లాప్‌టాప్‌ను నేను చివరి క్షణంలో లాగేసుకున్నాను. తుపాకీని లాక్కునేవాళ్లు లేరు. దాని నల్లటి గొట్టాల మీద తడి పసుపుతో మూడు బొట్లు, వాటి నడుమ కుంకుమ.

పొద్దున స్టేషన్‌కు బయల్దేరేముందు బాపు గుడ్డ తీసి బొట్లు తుడవబోయాడు. అమ్మ చేయి పట్టుకుంది.

"చేత్తో తుడుస్తవా? అత్తమ్మ ఏమన్నది?"

అత్తమ్మ అంటే మా నాయనమ్మ కొమురవ్వ. ఇప్పుడు లేదు, కానీ ఆమె పెట్టిన చట్టాలన్నీ మా ఇంట్లో అమల్లోనే ఉన్నాయి. అందులో ఒకటి, పనిముట్టుకు పెట్టిన బొట్టు పనిలోనే పోవాలి, చేత్తో తుడవకూడదు. తాత కత్తికి అది సరిపోయింది. దసరా మర్నాడే కత్తి నూరుకుని చెట్టెక్కేవాడు. మట్ట మీద నాలుగు దెబ్బలు పడేసరికి బొట్టు దానంతటదే పోయేది. బాపు తుపాకీకి కూడా ఏటా సరిపోయింది. పండుగ మర్నాడు డ్యూటీకి వెళ్తే, ఆయన జేబులో ఉండే నూనెగుడ్డ కిందా మీదా తగిలి మధ్యాహ్నానికి బొట్టు ఉండేది కాదు. ఎవరూ తుడిచినట్టు కాదు, పనిలో పోయినట్టే.

ఈసారి తుపాకీకి పని లేదు. ఎర్రగుడ్డలో, గుడ్డ మీద కవరులో, బొట్లతో సహా వెళ్లి స్టేషన్ గదిలో ఒక మూలన నిలబడింది. ఆ ఎన్నికలు ఆగాయి, మళ్లీ అన్నారు, మళ్లీ కోడ్ అన్నారు. ఎప్పటికప్పుడు ఇవాళ రేపని దాన్ని తెచ్చుకోవడమే కుదరలేదు. డిసెంబర్‌లో సర్పంచులు గెలిచి డీజేలు మోగి, అప్పుడు తుపాకీ ఇంటికొచ్చింది.

బాపు కవరు విప్పాడు. ఎర్రగుడ్డ గొట్టానికి అతుక్కుపోయింది. మెల్లగా లాగితే పసుపు గుడ్డతో పాటే వచ్చేసింది. గొట్టం మీద మూడు బొట్లు మాత్రం అలాగే ఉన్నాయి. పసుపువి కాదు. తుప్పువి. గుండ్రంగా, ఎర్రగా, ఎక్కడ పెట్టింది అక్కడే.

"జంగు వట్టింది," అన్నాడు బాపు.

అమ్మ నోటి మీద చేయి వేసుకుంది.

మామూలు రోజుల్లో అయితే ఇది ఆదివారం పని. కానీ సోమవారం కరీంనగర్ నుంచి కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు వచ్చి తుపాకీ చూస్తాడని బ్రాంచి మేనేజరు ముందే చెప్పి ఉన్నాడు. తుపాకీ లేని ఆ రెండు నెలలు బాపు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి పైవాళ్లకు అనుమానం వచ్చింది, అసలు గన్‌మన్ ఎందుకని. తుపాకీ కండిషన్‌లో ఉంటే కొనసాగింపు. లేకపోతే ఆ పోస్టు తీసేసి ఇంకో రెండు కెమెరాలు.

నాకు ఈ లెక్క బాగా తెలుసు. మా ఆఫీసులో కూడా ఏటా ఒకసారి ఎవరో ఒకరు అడుగుతారు, యాప్‌లో తప్పులేం రావట్లేదు కదా, ఇంతమంది టెస్టర్లు దేనికని.

మర్నాడు పొద్దున బాపు బజారుకు వెళ్లాడు. నేను మీటింగ్‌లో ఉన్నాను. తుపాకీ ఉండే బీరువా తాళం అమ్మ కొంగుకే ఉంటుంది. మీటింగ్ అయ్యి బయటికి వచ్చేసరికి వెనక గదిలో చాప మీద తుపాకీ, దాని పక్కన గిన్నెలో నానబెట్టిన చింతపండు.

"అమ్మా! ఏం చేస్తున్నవ్?"

"దేవుని గంట తోమితె మెరుస్తలేదా? గిది గట్లనే," అంది అమ్మ, పీచుతో రుద్దుతూ. "నేను పెట్టిన బొట్టు, నేనే తీస్త."

మెరిసింది. అదే సమస్య. పులుపు తుప్పును తినేసింది. తుప్పుతో పాటు ఉక్కు మీద ఉండే నల్లపూతను కూడా తినేసింది. ఆ నల్లపూత రంగు కోసం కాదు, కాస్తో కూస్తో కాపలా కోసం. ఇప్పుడు నల్లటి గొట్టం మీద మూడు తెల్లటి బిళ్లలు. అమ్మ వాటిని నీళ్లతో కడిగి, కొంగుతో అద్ది, ఎండలో పెట్టింది. మధ్యాహ్నానికి ఆ తెల్లటి బిళ్లల మీద మళ్లీ సన్నగా నారింజ రంగు పొడి.

బాపు వచ్చి చూశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చుని, "నాలుగు దిక్కులా పెండ్లాలు మొగళ్లను తోముతరు. నువ్వు తుపాకిని తోమినవ్," అన్నాడు.

"ఏం తోమాల్నో నాకేమెరుకయ్యా," అంది అమ్మ. "గా అమ్మవారికి ఏటా ఏమని మొక్కిన? ఇది ఎన్నడు పేలద్దు, ఇది పట్టుకున్న మనిషి మంచిగ ఇంటికి రావాలె అని మొక్కిన. పేలిందా ఎన్నడన్న?"

పేలలేదన్నది నిజం. అది అమ్మ బొట్టు వల్లో, బాపు నిలబడటం వల్లో, జగిత్యాల దొంగల బద్ధకం వల్లో, ఎవరు చెప్పగలరు? జరగని దానికి కారణం వెతకడం ఏ సిలబస్‌లోనూ లేదు.

ఆదివారం ముగ్గురం పనిలో దిగాం. ముందు బాపు తుపాకీని మధ్యలోకి విరిచి తెరిచాడు. రెండు గొట్టాల్లోకీ చూశాడు, చిటికెన వేలు పెట్టి తడిమాడు. "ఖాళీ," అని నా వైపు తిప్పాడు. నేనూ చూసి "ఖాళీ" అనేదాకా కదల్లేదు. తూటాలు ఎప్పటిలాగే వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉన్నాయి. ఆయనకు అవి అక్కడ ఉన్నాయని తెలుసు. అయినా చూశాడు.

"నీకు తెల్సుగద బాపూ ఖాళీ అని."

"తెల్సు అనుకున్నోళ్లే కాల్చుకుంటరు బిడ్డ."

సిరిసిల్లలో మా మేనమామ పనిచేసే సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, దారాల చెత్త బస్తాలకొద్దీ ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఒక సంచి తెస్తాడు. మెత్తగా ఉంటుంది, నూనె బాగా పీలుస్తుంది. నేను కోరుట్ల హార్డ్‌వేర్ షాపులో అన్నింటికన్నా సన్నటి ఇనుప ఊలు అడిగి తెచ్చాను. షాపాయన ఉప్పుకాగితం చాలదా అమ్మా అన్నాడు. చాలదన్నాను. ఉప్పుకాగితం తుప్పును, పూతను, ఉక్కును అన్నింటినీ ఒకేలా చూస్తుంది.

ముందు బిళ్లల మీద సన్నటి నూనె వేసి ఊరికే కూర్చున్నాం. ఇది కష్టమైన భాగం. నూనె తుప్పు కిందికి దిగేదాకా ఏమీ చేయకూడదు. మా ఇంట్లో ఏమీ చేయకుండా ఎవరూ కూర్చోలేరు. అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుంది.

తర్వాత నూనెలో తడిపిన ఊలుతో, వేలికొసతో, గొట్టం పొడవునా మెల్లగా. నూనె కాఫీ రంగుకు తిరిగింది. తుడవడం, మళ్లీ నూనె, మళ్లీ రుద్దడం. తుడిచిన దారాలు తెల్లగా వచ్చేదాకా. గొట్టాల లోపల బాపు పొడుగు కడ్డీకి కట్టిన ఇత్తడి బ్రష్షు తిప్పాడు. లోపల అదృష్టం బాగుంది, బొట్టు పెట్టడానికి అమ్మ వేలు అందలేదు.

"గుంతలు వడ్డయా?" అన్నాడు బాపు. నేను ఫోన్ కెమెరా పెద్దది చేసి చూశాను. గుంతలు పడలేదు. గోరుకు ఏమీ తగల్లేదు. తుప్పు పైపైనే పట్టింది. కానీ తెల్లటి బిళ్లలు మాత్రం అలాగే ఉన్నాయి.

"నా దగ్గర పర్మనెంట్ మార్కర్ ఉంది," అన్నాను. "నల్లది."

బాపు నా వైపు చూశాడు. "గిందుకేనా నిన్ను ఇంజనీరింగ్ చదివిచ్చింది?"

"గిందుకు గూడ."

"మచ్చ ఉంటె ఉండనీ. మచ్చతోని తుపాకి చెడిపోదు."

"తుపాకీ చెడిపోదు బాపూ. ఉద్యోగం పోతది."

ఆయన పొడి దారాలతో నూనె మొత్తం తుడిచి, మళ్లీ ఒక్క చుక్క పూసి, కనపడనంత పల్చగా పరిచాడు. ఇంకెప్పుడూ కవర్లో ఉంచి దాచొద్దని చెప్పాను. కవరు తేమను పట్టుకుంటుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్లటి గుళికల పొట్లాలు ఇల్లంతా వెతికి బీరువాలో పెట్టాను. గొట్టాన్ని వేళ్లతో ముట్టుకుంటే చెమట ఉప్పు మిగులుతుందని, ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలని కూడా చెప్పాను.

అమ్మ అన్నీ వింటోంది. చిక్కుడుకాయలు అయిపోయి చాలాసేపయింది.

"గట్లైతె నీళ్లతోని పెట్టుడే తప్పయింది," అంది. "అంజన్నకు నీళ్లతోని పెడ్తరా సిందూరం? నూనెల కలిపి పెడ్తరు."

సోమవారం పొద్దున స్కూటీ తీసేసరికి తుపాకీ చాప మీద సిద్ధంగా ఉంది. దాని మీద మూడు కొత్త బొట్లు. కొండగట్టు అంజన్న సిందూరం, నూనెలో కలిపినది. సరిగ్గా ఆ తెల్లటి బిళ్లల మీద.

నేను నోరు తెరిచాను, మూసుకున్నాను. ఒక కారణం, పాతకాలం సిందూరం అంటే సీసంతో చేసే ఎర్రపొడి. దాన్ని నూనెలో కలిపే ఇనుప వంతెనలకు తుప్పు పట్టకుండా పూసేవారు. నా పుస్తకంలోనే ఉంది. ఇప్పుడు పొట్లాల్లో అమ్మేది ఏమిటో ఆ అంజన్నకే తెలియాలి గానీ, అమ్మ ఆలోచనను కాదనడానికి నాకు వెంటనే ఏమీ దొరకలేదు. రెండో కారణం అంత గొప్పది కాదు. బొట్ల కింద మచ్చలు కనపడటం లేదు. అమ్మ ఆ ఉద్దేశంతో పెట్టలేదు. చూసి ఊరుకున్నది నేను.

బాపు కూడా చూశాడు. తుపాకీని పొడి గుడ్డలో చుట్టుకుని నా వెనక కూర్చున్నాడు.

ఆఫీసరు పేరు రాజమౌళి. పోలీసులో చేసి రిటైరైన మనిషట. బ్రాంచి వెనక గదిలో టేబుల్ మీద పేపరు పరిపించి తుపాకీ పెట్టమన్నాడు. బాపు తెరిచి, చూసి, "ఖాళీ సార్," అన్నాడు. ఆయనా చూసి "ఖాళీ" అన్నాడు. గొట్టాలను ట్యూబ్‌లైటు వైపు ఎత్తి ఒక కన్ను మూశాడు.

"లోపల అద్దం లెక్కున్నది. ఎవలు జేసిండ్రు?"

"మా బిడ్డ, నేను."

ఆయన గొట్టం మీద వేలు జరుపుకుంటూ వచ్చి బొట్టు దగ్గర ఆగాడు. "ఏంది, కొండగట్టు వోయచ్చిండ్రా?"

"మా ఇంటామె వోయింది సార్."

"మంచిది, మంచిది. ఉండనీ. దేవుని బొట్టు నేను చెరుపుడెందుకు." వేలు వెనక్కి తీసుకుని పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.

అయిపోయింది అనుకున్నాను. ఊపిరి కూడా వదిలాను.

"ఒక్క నిమిషం ఆగుండ్రి సార్," అన్నాడు బాపు. జేబులోంచి డ్యూటీలో వాడే నూనెగుడ్డ తీశాడు. ఒక్కొక్క బొట్టునూ తొందర లేకుండా తుడిచాడు. మూడు తెల్లటి బిళ్లలు ట్యూబ్‌లైటు కింద నా కంటికి చందమామలంత కనపడ్డాయి.

రాజమౌళి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గిదేంది?"

"జంగు వట్టింది సార్. పండుగ బొట్టు అట్లనే ఉండంగ ఠాణకిచ్చిన. తీసినం. నల్లపూత గూడ పోయింది."

"నేను చూడకపోదును గద. ఎందుకు జూపెట్టినవ్?"

"రేపు మల్ల జంగు వడ్తె గీడ్నే వడ్తది సార్. చూసుకునేటోళ్లకు ఎరుకుండాలె గద."

ఆయన బొటనవేలితో ఒక్కో బిళ్లనూ గట్టిగా రుద్దాడు. వేలు తిప్పి చూసుకున్నాడు. "మొన్న ఒకడు గిట్లనే మచ్చకు స్కెచ్ పెన్ను రుద్దుకచ్చిండు. నా వేలు రెండు దినాలు ఓటేసినోని వేలు లెక్కుండె."

నేను ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాను. బాపు నా వైపు చూడలేదు. చూడకపోవడానికి ఆయన కష్టపడుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"గుంతలు లేవు. గొట్టాల తాళం బిగువుగనే ఉన్నది," అన్నాడు రాజమౌళి. "మూడు నెలలకు మల్ల అస్త. గీ మచ్చలు తెల్లగనే ఉంటె నువ్వు గన్‌మన్‌వు. ఎర్రగైతె కెమెరా పెడ్తరు. నా చేతిల ఉన్నది గింతే బాలరాజూ."

"చాలు సార్," అన్నాడు బాపు.

తిరిగి వచ్చేటప్పుడు, మూడు నెలలంటే గెలిచినట్టా ఓడినట్టా అని నేను లెక్క వేసుకుంటూ బండి నడిపాను. మెట్‌పల్లి బస్సు మమ్మల్ని దాటుతూ హారన్ కొట్టింది. బాపు వెనక నుంచి, "ఉద్యోగం గూడ గంతేనే బిడ్డ, ఎప్పటికప్పుడు తుడుసుకునుడే," అన్నాడు. తర్వాత కాసేపటికి, "మార్కర్ దగ్గరుందా?" అన్నాడు. నేను అద్దంలో చూశాను. నవ్వుతున్నాడు.

అమ్మ గుమ్మంలోనే ఉంది. సంగతి చెప్పాం. గుడ్డ విప్పి తుపాకీ చూసింది.

"బొట్టేది?"

బాపు చెప్పులు విడిచాడు. "పోయింది."

"చెరిపినవా?"

"డ్యూటీల ఉండంగ పోయింది. పనిలనే."

అమ్మ ఆయన మొహం చూసింది, తర్వాత నా మొహం. నాయనమ్మ చట్టంలో ఇది ఏ లెక్కలోకి వస్తుందో మనసులో చూసుకున్నట్టుంది. నేను గట్టిగా తల ఊపాను. ఆ మాటలో అబద్ధం లేదు కదా.

"మరి నూనె వెట్టినవా?" అంది అమ్మ.

"తొవ్వల స్కూటీ మీద ఎట్ల వెడ్తనే?"

"ఇటు తే అయితె," అని సంచిలోంచి దారాలు తీసి, చాప మీద కూర్చుంది. కూర్చుని, తుపాకీ వైపు చేయి చాచకుండా ఆయన వైపు చూసింది. "ఖాళీయా కాదా, ముందు తెరిచి చూపెట్టు."

ఇది రాస్తున్న రోజుకు మచ్చలు తెల్లగానే ఉన్నాయి. రాజమౌళి సారు ఇంకా రాలేదు. నూనె పూయడం శనివారం అమ్మ వంతు, బుధవారం నాది. బాపు రోజూ సాయంత్రం అన్నం తినేముందు కిటికీ దగ్గర నిలబడి ఆ మూడు బిళ్లలను వెలుతురుకు తిప్పి చూస్తాడు. ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడాన్ని ఇంత శ్రద్ధగా చూసేవాళ్లను నేను మా ఆఫీసులో కూడా చూడలేదు.

ఇక మీ సంగతి చెప్పండి. ప్రేమతో పాడుచేసిన వస్తువు మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. నిమ్మకాయ రసం కారి రంగు వెలిసిన బైకు ట్యాంకో, కొబ్బరినీళ్లు తాగిన మోటారు స్టార్టరో, హారతి తగిలిన టీవీయో. ఎవరు పాడుచేశారు, ఎలా బాగుచేసుకున్నారు, చేసుకోలేకపోతే ఏమనుకుని ఊరుకున్నారు, కింద రాయండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను. తానొక్కతే కాదని ఆమెకు తెలియాలి.